గడియ వేయని తలుపు

మాది భద్రాచలం, బస్టాండు దగ్గర ఇడ్లీ బండి. సీలేరు వైపు నుంచి చింతూరు మీదుగా వచ్చే గంజాయి ఇక్కడ పట్టుబడ్డప్పుడల్లా పేపర్లో ఫొటో వేస్తారు: మూటలు, ముసుగేసిన మనుషులు. పట్టుబడని సరుకు ఏ కొంపకు చేరిందో ఎవరూ రాయరు. మా కొంపకు చేరింది.

మావాడికి ఇరవయ్యారేళ్లు, ఆటో తోలేవాడు. చొక్కా ఉతకబోతే జేబులో ఎండాకు నలుసులు, చింపిన సిగరెట్టు పెట్టె అట్ట. నేను కొట్టాను. వాళ్ల నాన్న తలుపేశాడు. మావాడు మూడు రాత్రులు గోదారి కరకట్ట మీద పడుకున్నాడు. మత్తు వదల్లేదు, ఇల్లు వదిలాడు.

మళ్లీ ఇంటికొచ్చాడు. ఇప్పుడు వాడి చేతికి రూపాయి ఇవ్వను. అన్నం పెడతాను, రాత్రి గడియ వేయను. వెనకేసుకొస్తున్నానంటారు. అననీ.

‘పోలీసులకు తెలిస్తే జైలే’ అని భయపెట్టినవాళ్లే అందరూ. కానీ 1985 నాటి మత్తుమందుల చట్టంలో 64ఏ సెక్షన్ ఉందట. కొద్ది మోతాదు కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తానే సర్కారు గుర్తించిన చోట వైద్యానికి చేరి, మధ్యలో మానకుండా చేయించుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. గంజాయికి కొద్ది మోతాదంటే కిలో వరకు. ఒక వకీలు ఇడ్లీ తింటూ చెబితే తెలిసింది!

గంజాయి గురించి సమాచారమివ్వండంటూ 1908 నంబరు చెబుతున్నారు, మంచిదే. వ్యసనం మాన్పించే సలహాకు 14446 ఉందని కూడా అంతే పెద్దక్షరాలతో రాయించండి. వైద్యం మాకు దగ్గర్లో పెట్టండి. వాడు మనసు మార్చుకునేలోపు చేరేంత దగ్గర్లో.

మొన్న నాలుగింటికే లేచి పిండి గిన్నె బండిదాకా మోశాడు. చేతులు వణికి సగం ఒలికింది. ఏమీ అనలేదు నేను. ఆ పూట ఇడ్లీలు పదింటికే అయిపోయాయి.