తోపులూ డేరాలూ

విదేశాలలో కొన్నేళ్లు ఉండి వచ్చిన మిత్రులు అనంతపురం వైపు వచ్చినప్పుడల్లా ఒక మాట అంటూ ఉంటారు. "పిల్లాపాపలతో ఆరుబయట ఒక రాత్రి గడుపుదామంటే మన సీమలో ఒక్క చోటైనా లేదు కదండీ!" అమెరికాలో వారు అలవాటు పడిన క్యాంపుగ్రౌండు వేరు. చెట్ల మధ్య అంకెలు వేసిన జాగాలు, ఒక్కొక్క జాగాలో ఒక కర్రబల్ల, మంట వేసుకోవడానికి ఇనుప వలయం, కొంచెం దూరంలో ఉమ్మడి కొళాయి, ఉమ్మడి మరుగుదొడ్డి. రాత్రి పది దాటితే గొంతు పెంచకూడదు. కొళాయి కింద గిన్నెలు తోమకూడదు. అడవి ఎండిపోయి ఉన్న రోజుల్లో పొయ్యి కూడా రాజేయకూడదు. రుసుము స్వల్పం. సెలవులు వస్తే కుటుంబాలకు కుటుంబాలే అక్కడికి తరలిపోతాయి. ఇటువంటిది మనకెందుకు లేదని వారి విచారం.

ఆ విచారం సబబైనదే. కాని మనకు లేకపోవడమేమిటి? ఉండేది. దాని పేరు తోపు.

ఊరి వెలుపల, బాట పక్కన చింతచెట్లో మామిడిచెట్లో వరుసగా నాటించి, దగ్గరలో ఒక దిగుడుబావి తవ్వించి, ఓపిక ఉన్నవారు ఒక రాతి మండపం కూడా కట్టించి, బాటసారులకు విడిచిపెట్టిన స్థలమే తోపు. చెరువు తవ్వించడాన్నీ వనం నాటించడాన్నీ మన పూర్వులు సప్తసంతానాలలో చేర్చారు. ఆంగ్లేయులు ఈ దేశంలో డేరాలు వేసుకుని తిరిగిన కాలంలో, వేరే మాట దొరక్క కాబోలు, 'టోప్' అంటూ ఈ పదాన్నే తమ భాషలో కలిపేసుకున్నారు. మజిలీ, మకాం, బస, విడిది... ఒక రాత్రి ఆగడానికి మనకు ఇన్ని మాటలు ఉండేవి. ఇప్పుడు వీటిలో చాలా మటుకు పెళ్లిపత్రికల్లోనూ రాజకీయ వార్తల్లోనూ మాత్రమే కనిపిస్తున్నాయి.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి సపరివారంగా కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర చదివినవారికి గుర్తుండే ఉంటుంది. గుడులూ గోపురాలూ సరే, మజిలీ చేరగానే ఆయన దృష్టి ముందు పోయేది నీళ్ల వసతి మీదికి, నీడ మీదికి, డేరా వేయడానికి అనువైన చోటు మీదికి, సరుకులు దొరికే అంగళ్ల మీదికి. పదిహేను నెలలకు పైగా అంతమందిని వెంటబెట్టుకుని నడిచిన మనిషికి అంతకంటె ముఖ్యమైన విషయాలు ఏముంటాయి?

అనంతపురానికి ఇంకా దగ్గరి ఉదాహరణ మన్రో. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న కాలంలో ఆయన ఎక్కువ రోజులు గడిపింది డేరాల్లోనే. తరువాత గవర్నరై, 1827లో మళ్లీ ఈ ప్రాంతానికి వచ్చి, పత్తికొండ మజిలీలో కలరాతో మరణించాడు. గుత్తి కొండ కింద ఖననం చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. అదంతా చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. నాకు ఆసక్తి కలిగించేది మరొకటి. ఆయన మరణించిన చోట జ్ఞాపకార్థం ఏం చేయాలని ఆలోచించిన ప్రభుత్వం, రాతిమెట్ల బావి ఒకటి తవ్వించి, దాని చుట్టూ చెట్లు నాటించింది. అంటే ఒక తోపును ఏర్పరచింది. ఈ నేల మీద దారిన పోయేవాడికి ఏమి కావాలో ఆ కాలపు దొరలకు సైతం తెలిసింది.

అయితే ఈ పాత వైభవాన్ని తలుచుకుని మురిసిపోవడానికి నాకు మనసొప్పదు. ఆ బావుల్లో అందరూ చేద వేయలేకపోయారు. ఆ సత్రాల్లో అందరికీ విస్తరి వేయలేదు. దాహంతో వచ్చినవాడి కులం అడిగి, దూరంగా నిలబెట్టి, దోసిట్లో నీళ్లు పోసిన చరిత్ర కూడా ఈ తోపులదే. ఆడవాళ్లు కాలకృత్యాలకు చీకటి పడేదాకా ఆగవలసి వచ్చిన చరిత్ర కూడా. కాబట్టి పాతదాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవాలని నేను అనడం లేదు. అందులో ఒక్క క్రమాన్ని మాత్రం తీసుకుందామంటున్నాను. ముందు నీళ్లు, తరువాత చెట్టు, ఆ తరువాతే డేరా. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది.

ముందు నేల సంగతి చెప్పుకోవాలి. (2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. నేను అనంతపురం అన్నప్పుడల్లా పాత ఉమ్మడి జిల్లా అనే అర్థం చేసుకోగలరు.) నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి వట్టిపోతాయి. ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా సగటు మాత్రమే. చుట్టపుచూపుగా రెండు వానలు కురిసి, వేరుసెనగ ఊడ దిగే వేళకు మొహం చాటేసిన ఏళ్లు ఎన్నో. ఇక్కడి రైతును ఈ ప్రాంతంలో ఏముందని అడిగితే, "ఈడ చూసేకి ఏముంది సామీ, రాళ్లు తప్ప?" అంటాడు. తన నేలను గురించి అంత తేలికగా మాట్లాడేలా ఆయనను అలవాటు చేసినవారు చాలామంది ఉన్నారు. ప్రభుత్వ దస్తావేజుల్లో ఈ కొండలు 'బంజరు'. సినిమాల్లో బాంబులు పేలే చోటు. పర్యాటక శాఖ కరపత్రంలో లేపాక్షి నంది, వేలాడే స్తంభం, అంతటితో సరి.

నవంబరులో ఒక్కసారి ఈ పీఠభూమి మీద రాత్రి గడిపినవారికి ఆ రాళ్ల సంగతి తెలుస్తుంది. పగలంతా కాగిన గుండ్లు పొద్దుగుంకిన తరువాత కూడా చాలాసేపు వెచ్చగా ఉంటాయి. వాటికి వీపు ఆనించి కూర్చుంటే పైన చలిగాలి, కింద రాతి వెచ్చదనం. గాలిలో తేమ లేదు గనుక నక్షత్రాలు మసకబారవు. చెనక్కాయలు పెరికిన చేలలో కంపమంట వేసి, తీగలతో సహా కాల్చి, బూడిద ఊదుకుంటూ తినడం ఈ ప్రాంతపు పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నగరంలో పెరిగిన పిల్లలకు మాత్రం నేర్పాలి.

కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును చూడండి. గూటిబైలు గ్రామం సమీపంలో దూరానికి చిట్టడవిలా కనిపించేది దగ్గరకు పోయేసరికి ఒకే చెట్టు. సుమారు 5 ఎకరాల మేర పరచుకుని, 1100కు పైగా ఊడలు దింపి నిలబడింది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 1434లో భర్త బాలవీరయ్య చితిలో తిమ్మమ్మ సహగమనం చేసిందనీ, ఆ చితి గుంజే చిగురించి ఈ మాను అయిందనీ స్థానికుల విశ్వాసం. సహగమనాన్ని కీర్తించడం నాకు సమ్మతం కాదు. కాని ఆ విశ్వాసమే ఈ చెట్టును గొడ్డలి నుంచి కాపాడిందన్న సంగతిని కాదనలేను. లేత ఊడలు నేలను అందుకునేలా, మట్టి నింపిన వెదురు బొంగుల గుండా వాటిని కిందికి నడిపిస్తారు అటవీశాఖవారు. పసిపిల్లకు నడక నేర్పినట్టే ఉంటుంది ఆ పని. శివరాత్రికి ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చి, మూటాముల్లె విప్పి, ఇక్కడే జాగరణ చేస్తాయి. క్యాంపుగ్రౌండు లేదన్నవారు ఆ ఒక్క రాత్రి వచ్చి చూడాలి. అయితే రోజూ శివరాత్రి అయితే ఆ మాను బతకదు. వందలమంది తొక్కిన నేలలో వేళ్లకు ఊపిరి ఆడదు. కాబట్టి బస చేయదలచినవారు దాని నీడకు దూరంగానే చేయాలి. నీడలో డేరా వేయనిస్తే బాగుండునని కొందరు అంటారు. నేను ఒప్పుకోను.

ఇక గండికోట. అది పొరుగున కడప జిల్లాలో ఉన్నది గాని, ఆ గండిని కోసింది హిందూపురం, పెన్నహోబిలం, తాడిపత్రి మీదుగా పోయే మన పెన్నానదే. కొన్నేళ్లుగా అక్కడ డేరాలు అద్దెకు దొరుకుతున్నాయి. బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ పిల్లలతో వచ్చి సూర్యోదయం చూసి పోతున్నారు. స్థానికులకు నాలుగు డబ్బులు వస్తున్నాయి. మంచిదే. డేరా అంటే మనవారికి భయం పోయింది, అది ఇంకా మంచిది. నా బెంగంతా ఆ తరువాతి మెట్టు గురించి. డేరా కాస్తా కుటీరమై, కుటీరం విల్లా అయి, దాని ముందు పచ్చగడ్డి పరిచి, ఈతకొలను తవ్వడం. బెంగళూరు చుట్టుపక్కల విడుదుల ప్రకటనల్లో 'రెయిన్ డాన్స్' అనే ఆకర్షణ ఒకటి కనిపిస్తుంది. గొట్టాల్లోంచి కృత్రిమంగా వాన కురిపిస్తారు, అతిథులు తడుస్తూ గంతులు వేస్తారు. ఆ రహదారి అనంతపురం మీదుగానే పోతుంది. వాన కోసం కప్పలకు పెళ్లి చేసే ఊళ్ల పక్కన అద్దెవానలో నృత్యం!

చిన్న లెక్క వేద్దాం. 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు గల కొలను పెద్దదేమీ కాదు. దానిలో పట్టేది 1,08,000 లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం గ్రామంలో మనిషికి రోజుకు 55 లీటర్లు. అంటే ఆ కొలను దాదాపు 2000 మంది గ్రామస్థుల ఒకరోజు నీరు. నింపి ఊరుకుంటే సరిపోదు, ఈ ఎండకూ ఈ గాలికీ అది నిత్యం ఆవిరైపోతూనే ఉంటుంది, బోరు ఆడుతూనే ఉండాలి. సత్యసాయి తాగునీటి పథకం 1995లో ఏడువందలకు పైగా గ్రామాలకు గొట్టాలు వేసేదాకా ఫ్లోరైడు నీళ్లు తాగిన జిల్లా ఇది. వందల అడుగులు దింపిన బోరులో దుమ్ము రేగితే రైతు అప్పుల పాలైన జిల్లా ఇది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. చట్టం కాగితం మీద ఉంటుంది, మోటారు రాత్రిపూట ఆడుతుంది.

కనుక ఇక్కడ కుటుంబాల కోసం విడిది అంటూ పెడితే, దానికి మొదటి షరతు: అతిథికి కూడా ఆ 55 లీటర్లే. మూడు నాలుగు బిందెలు. వచ్చీ రాగానే బిందె చేతికి ఇవ్వాలి. పిల్లలకు ఇది శిక్ష కాబోదు. బిందెను ఎలా పొదుపుగా వాడాలో వాళ్లు మనకంటె ముందే ఒక ఆటగా కనిపెడతారు. గడ్డి వద్దు, కొలను వద్దు, మైకు అసలే వద్దు. నీరు తక్కువ పట్టే జంటగుంటల మరుగుదొడ్లు మాత్రం తప్పనిసరి, వాటి విషయంలో పిసినారితనం పనికిరాదు. రాత్రి కాపలాకు ఊరివారే ఉండాలి. వంట పొదుపు సంఘాల మహిళలకు అప్పగిస్తే రాగిసంగటి, ఊరిమిండి, పండుగ పూట ఓళిగలు వేడివేడిగా దొరుకుతాయి. ఎవరు వండినా, ఎవరు వచ్చినా ఒకే పంక్తి. ఆ పంక్తికి అభ్యంతరం చెప్పే అతిథికి డబ్బు తిరిగి ఇచ్చి పంపేయాలి.

రెండో షరతు ఇంకా కష్టమైనది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే తెరిచి ఉంచాలి. చెరువు ఎండిన ఏడాది అసలు తెరవకూడదు. నాలుగైదు నెలల ఆదాయంతో ఏ వ్యాపారం నిలుస్తుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర ఉన్న జవాబు ఇదొక్కటే: ఈ పీఠభూమి మీద మెట్ట రైతు ఒక్క కారు పంటతో, అది కూడా దక్కుతుందన్న హామీ లేకుండా, తరతరాలుగా బతుకుతున్నాడు. ఆయన ఇరుగున పెట్టే వ్యాపారం ఆయన కంటె నిబ్బరంగా ఉండాలని కోరడంలో నాకు ఔచిత్యం కనబడదు. పెట్టుబడిదారుకు ఇది గిట్టదు కాబట్టే పంచాయతీయో రైతుల సహకార సంఘమో పూనుకోవాలంటాను. రుసుములో ఒక వంతు పూడికతీతకూ మొక్కలకూ పోవాలి. చింత, వేప, కానుగ నాటితే నీడకు పదేళ్లు పడుతుంది. అందుకే కొత్త స్థలం కొని డేరాలు వేయడం కంటె, ఉన్న చెరువు కట్టల కింద, ఉన్న తోపుల శేషాల దగ్గర మొదలుపెట్టడం మేలు. విజయనగర కాలపు బుక్కపట్నం చెరువు వంటివి మనకు ఇంకా మిగిలి ఉన్నాయి.

నీళ్లూ చెట్లూ ముందు అనడం ఆదర్శం కోసం చెప్పే మాట అనుకోకండి. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్‌వారి తోడ్పాటుతో గ్రామస్థులు 1990ల నుంచి కాపాడుకుంటూ వచ్చిన కల్పవల్లి ఉంది. మేకలకు కూడా గడ్డి దొరకని గుట్టలు, నిప్పు పడకుండా గొడ్డలి పడకుండా చూసుకున్నందుకు, ఏడువేల ఎకరాలకు పైగా పచ్చబడ్డాయి. ఆ గుట్టలు మాత్రం దస్తావేజుల్లో బంజరుగానే ఉండిపోయాయి. గాలిమరల కోసం రోడ్లు వేయవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క పదం చాలింది, గుట్టలను తవ్వడానికి. రేపు విడుదులకూ అదే పదం చాలుతుంది.

ఇంకొక మాట. మనకంటె ముందు నుంచీ ఇక్కడ సకుటుంబంగా విడిది చేస్తున్నవారు ఇద్దరున్నారు. చిలమత్తూరు దగ్గరి వీరాపురానికి ఏటా వచ్చి, ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలకు రెక్కలు వచ్చాక పోయే ఎర్రకాళ్ల కొంగలు ఒకరు. చెరువులు ఎండితే వాటికి చేప దొరకదు, అవీ రావు. రెండోవారు గొర్రెల కాపరులు. కరవు వస్తే పెళ్లాం బిడ్డలతో, మందతో, కంబళి భుజాన వేసుకుని పచ్చిక ఉన్న సీమలకు నడిచిపోతారు. రాత్రికి ఎవరి చేనులోనో మంద కడతారు, చేనుకు ఎరువు, వారికి గింజలో పైసలో. వారి డేరాలకు రుసుము లేదు, ఫొటోలు లేవు. కొత్త విడిదికి కంచె వేసేవారు ముందుగా ఆ ఊరి కాపరులను పిలిచి, మందల బాట ఎటు పోతుందో, చెరువులో గొర్రెలు ఎక్కడ దిగి నీళ్లు తాగుతాయో అడిగి, ఆ మేరకు వదిలిపెట్టి గుంజలు పాతాలి. ఇది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాటగా ఉంటే రెండో ఏడాదికే గేటు పడుతుంది.