వేటకు బోవువాని చొక్కా: మత్స్యశాఖ కమీషనరు గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమీషనరు గారికి,

మహాశయా,

సముద్రముపై వేటకు బోవువారికి వలలును, యంత్రములును, డీజిలు రాయితీయును, వేట నిషేధించిన దినములలో భృతియును సమకూర్చు భారమును వహించిన మీ శాఖకు తీరవాసియగు ఒక సామాన్యుడు లేఖ వ్రాయుచు, అందు పడవను గూర్చి గాని వలను గూర్చి గాని ఒక్కమాటయైన అడుగక, ఆ వలను లాగు మనుష్యుని ఒంటిమీది గుడ్డను గూర్చి ప్రస్తావించుట మీకు మొదట వింతగా తోపవచ్చును. విషయము చిన్నదిగా కనబడునే కాని, దాని ఫలితము కండ్లకును, చర్మమునకును, ఆయుర్దాయమునకును సంబంధించినది గనుక, సావకాశముగా చదివి విచారింప ప్రార్థించుచున్నాను.

కాకినాడకు చేరువనున్న ఉప్పాడ రేవున, తెల్లవారకమున్నే వెడలిన ఫైబరు పడవలు తిరిగివచ్చు వేళ నిలిచి చూచినవారికి నేను చెప్పబోవునది వేరుగ వర్ణింప నక్కరలేదు. పడవ దిగువారిలో సగముమంది ఒంటిపై ఏ యెన్నికలనాడో ఊరూర పంచిపెట్టిన పలుచని టీషర్టు, దానిపై ఉప్పునీటికి వెలసి గుర్తుపట్టరాకుండ పోయిన ఏ నాయకునిదో ముఖము, నడుమున మడిచికట్టిన లుంగీ, నెత్తిన తడితువ్వాలు కనబడును. మోచేతి దిగువ చర్మము పై చర్మముకంటె రెండు వన్నెలు నల్లబారి, ముడుతలుపడి, అరువదేండ్లవానిదివలె కనబడును గాని మనిషికి నలువదియైన నిండియుండదు. క్రింది పెదవి పొలుసులుగ రేగియుండును. దగ్గరకు పోయి మాటలాడించినచో, పెద్దవారిలో పలువురికి ముక్కువైపు కంటికొలకులనుండి సన్నని కండ యొకటి రెక్కవలె సాగి నల్లగ్రుడ్డు అంచుమీదికి ప్రాకుచుండుట కూడ గోచరించును. ఎండయు, గాలియు, ఉప్పుతుంపరయు ఏండ్లతరబడి సోకినచో కలుగు నేత్రవికారమది. వారు దానిని వయసుతో వచ్చు సహజపరిణామముగ నెంచి ఊరకుందురు.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు అరువదియొక్క దినములు మరబోట్లకును మోటారు పడవలకును వేట నిషిద్ధము గనుక, మండువేసవి యెటులును గట్టుమీదనే గడచిపోవుననియు, తక్కిన కాలమున ఎండబాధ స్వల్పమనియు కొందరు భావింతురు. కాని మన అక్షాంశమున సూర్యుడు నడినెత్తికి వచ్చుట ఏడాదికి రెండు పర్యాయములు. కాకినాడ ప్రాంతమున మే నెల రెండవ వారమున నొకసారి, మరల ఆగస్టు మొదటి వారమున నొకసారి. మొదటిది నిషేధకాలమున గడచిపోవును. రెండవది వేట ముమ్మరముగ సాగు దినములలో, ఆకసమున మబ్బులు దోబూచులాడుచుండగా, పడమటిగాలి చల్లగా వీచుచుండగా వచ్చును. అప్పుడు ఒడలు కాలినట్లు తోచదు గనుక చొక్కా విప్పి పనిచేయుట సుఖముగానే యుండును. కాని పలుచని మేఘము అతినీలలోహిత కిరణములలో అధికభాగమును దిగువకు విడిచిపెట్టును. ఆ కిరణములకు వేడిమి లేదు, వెలుతురు లేదు, అందుచేత వాని రాకను శరీరమునకు తెలుపు సాధనమును లేదు. ఇక సముద్రము అద్దమువలె ఎండను మనమీదికి త్రిప్పికొట్టునను లోకప్రసిద్ధమగు మాట సగమే నిజము. నిశ్చలజలము ఈ కిరణములలో పదింట నొకపాలైన పరావర్తింపజేయదు. తెల్లని నురుగుమాత్రము సుమారు నాలుగవవంతును త్రిప్పిపంపును. అంతకంటె ముఖ్యమైనది, చెట్టు గాని గోడ గాని అడ్డులేక నలుదెసల తెరచియున్న ఆకసమునుండి చెదరి వచ్చు కాంతి. పడవపై టార్పాలిన్ పరచి దాని నీడన కూర్చున్నవానికి సైతము ప్రక్కలనుండి ఆ కాంతి సోకుచునే యుండును. కావున నీడపై భారముంచి వస్త్రమును ఉపేక్షింపరాదు.

నల్లని మేనివారికి ఎండ యేమి చేయునని యెవరైన ప్రశ్నింపవచ్చును. నన్ను అట్లు ప్రశ్నించినవారు చదువుకొన్నవారే. మన చర్మమునందలి వర్ణద్రవ్యము చర్మసంబంధమైన కర్కటరోగమునుండి తెల్లవారికంటె మనకు ఎక్కువ రక్షణ నిచ్చుననుట వాస్తవమే. కాని ఆ రక్షణ కంటికటకమునకు లేదు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రమున, చెసపీక్ అఖాతమున పీతలను, ఆల్చిప్పలను పట్టి జీవించు 838 మంది జాలరులను జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ వైద్యులు పరీక్షించి, ఒక్కొక్కరు జీవితమున ఎంత ఎండను కంట నింపుకొనిరో గణించి, 1988లో ప్రకటించిన పరిశోధనయొక్క సారాంశమేమన, కంటికి సోకిన మధ్యతరంగపు అతినీలలోహిత కిరణముల మొత్తము రెట్టింపైనచో ఒక జాతి శుక్లము వచ్చు అవకాశము సుమారు 1.6 రెట్లగుననునదియే. అంచుగల టోపీ ధరించుటవలన కంటికి చేరు కిరణములు సగమునకు సగము తగ్గుననియు ఆ జాలరుల విషయముననే తేలినది. అక్కడివారు మనకంటె చల్లని దేశమువారు, శీతకాలమున సూర్యుని తీక్ష్ణత నెరుగనివారు. మనవాడు ఏడాది పొడుగునను ఉష్ణమండలపు సూర్యునిక్రింద నుండువాడు.

ఇక వస్త్రవిషయము. గుడ్డ ఏదైనను ఒంటిని కప్పినచో చాలునను నమ్మకము సర్వత్ర వ్యాపించియున్నది. ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములవారు 1996లో వస్త్రమునుండి ఎన్నవవంతు కిరణములు లోనికి దూరునో కొలిచి, యూపీఎఫ్ అను అంకముతో దానిని సూచించు ప్రమాణమును ఏర్పరచిరి. యూపీఎఫ్ 50 అనగా నూటికి రెండుపాళ్లు మాత్రమే లోనికి పోవును. పలుచని తెల్లని నూలు బనియనుకు ఆ అంకము సామాన్యముగ అయిదు ప్రాంతముననే యుండును. అనగా అయిదింట నొకపాలు కిరణములు చొచ్చుకొనిపోవును. అది తడిసి ఒంటికంటుకొన్నచో మరింత చొచ్చును. నీరు నిండిన నూలుపోగు వెలుతురును చెదరగొట్టుట మాని పారదర్శకమగును. వేటవాని బనియను పొద్దస్తమానము తడిసియే యుండును కదా! బిగుతుగా సాగదీయబడిన గుడ్డలోను, అరిగి వెలసినదానిలోను కన్నులు విచ్చుకొనును గనుక వాని గతియు నంతే. పరీక్ష సులభము. గుడ్డను చేతబట్టి సూర్యునివైపు చూపినపుడు చుక్కలుచుక్కలుగ వెలుగు కనబడినచో అది వేటకు పనికిరాదు. ప్రయోగశాలకు ఇది ప్రత్యామ్నాయము కాదు గాని, సంతలో గుడ్డ కొనువానికి ఇంతకు మించిన సాధనము దొరకదు.

ఒత్తుగా నేసిన గుడ్డయు, గాఢమైన రంగును కిరణములను అడ్డగించును. ముదురురంగు వేడిని పీల్చుననుట నిజమే కాని, వదులుగ కుట్టిన ముదురు వస్త్రమునకును తెల్లని వస్త్రమునకును లోపలి శరీరమున తాపభేదము కనబడలేదని, నల్లని అంగీలు తొడుగు ఎడారివాసులగు బెడూయినులను గూర్చి 1980లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశీలన వెలువడినది. అది పొడిగాలి సీమ, మనది చెమట ఆరని సీమ; కావున ఆ నల్లరంగునే తెచ్చి మనవానికి తొడుగుమని నేననను. పైగా నలుపును, ముదురునీలమును సముద్రమున పడినవానిని వెదకువారికి కానరానీయవు. ముదురు నారింజరంగో, ఎరుపో యైనచో కిరణములను బాగుగనే అడ్డును. దూరమునుండి కనబడుటకును తోడ్పడును.

రంగు సంగతి ఇట్లు తేలినను, కోత సంగతి మరింత జాగ్రత్త కోరునది. పడవపని తెలియని దర్జీ కుట్టిన పూర్తిచేతుల చొక్కాను వేటవాడు రెండవనాడే విప్పి గూటిలో పారవేయును. అందుకు కారణము సోమరితనము కాదు. ఉప్పాడలో ఒక నడివయసువానిని ఇదే సంగతి అడుగగా, “గుండీలున్న చొక్కా ఏసుకుంటే వల కన్నుకి తగులుకుంటాదండీ బాబూ, గుండీ ఊడినా ఊడుద్ది, వలైనా సిరుగుద్ది” అని రెండు ముక్కలలో తేల్చివేసెను. ఆ మాటలో ఉన్న ఇంగితము ఏ పట్టణపు దుకాణములోని లాంఛనప్రాయమగు చేపలవేట దుస్తులలోను కనబడదు. వలను విడుచువేళ దారపు కన్ను దేనినైన పట్టుకొని ఈడ్చుకొనిపోవును. మరబోటుపై వించి త్రిప్పువాని వ్రేలాడు చేతికొస యంత్రమున చిక్కినచో చేయియే పోవును. కావున గుండీలు పైకి కనబడక మడతక్రింద దాగియుండవలెను; ముంజేతియొద్ద కొస బిగిగ నుండవలెను; చంకలక్రింద గాలి యాడుటకు వలగుడ్డ కుట్టవలెను; మెడవెనుక కాలరు ఎత్తి నిలుపుటకు వీలుగ నుండవలెను. ఇనుప జిప్పు ఉప్పునీట నెలదినములు నిలువదు. ప్రాణరక్షక కవచము ఈ చొక్కాపై సులభముగ తొడుగుకొనునట్లుండవలెను. అది తొడుగుటకు ఇది అడ్డమైనచో మనము చేసిన మేలు కీడగును. అరచేతి వెనుకభాగమును కప్పి వ్రేళ్లను విడిచిపెట్టు తొడుగును, పాదముల మీది ఎండను గూర్చి కొంచెము తలపును కూడ ఉండదగినవి.

టోపీ అంచు కనీసము మూడంగుళములుండి, గడ్డముక్రింద త్రాటితో కట్టుకొనునది కావలెను. లేనిచో మొదటి గాలికే అది గంగమ్మపాలగును. పూరీ తీరమున స్నానమునకు దిగు యాత్రికులను చేయిపట్టి కాపాడు నోలియాలు మన తెలుగు జాలరులే. వారు తలపై ధరించు మొనదేలిన తెల్లని టోపీ ఒడిశా వెళ్లిన ప్రతివారును ఎరిగినదే. మన రేవులలో దానికి సాటియైన తలకప్పు లేకపోవుట నాకు చిన్నతనముగ తోచుచుండును.

ఏ గుడ్డతో చేయింపవలెననునది వాదగ్రస్తమగు విషయము. నా పక్షపాతము చేనేతవైపు. ఉప్పాడ ఒక్కటే ఊరైయుండి వేటకును నేతకును పేరుపొందినది. అచ్చటి జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. జాందానీ పలుచదనమే దాని అందము గనుక అది ఎండకు అడ్డుపడదు. కాని ఆ చేతులే ఒత్తుగా నేయజాలవా? వలవాడును మగ్గమువాడును పరస్పరము మాటలాడుకొనని ఊరిలో, వారిద్దరి నడుమ ఒక ఒప్పందము కుదుర్చుటకు ప్రభుత్వముకంటె తగినవారు లేరు. అయినను న్యాయము చెప్పవలెనన్నచో, పొద్దంతయు నీట తడియువానికి తడిసిన నూలు బరువై, ఆరక, చర్మమును ఒరసికొనును. అట్టివానికి త్వరగ నారునట్టియు, తడిసినను కిరణములను అడ్డునట్టియు పాలియెస్టరు, లేక నూలుతో కలిపిన మిశ్రవస్త్రము మేలు. చేనేతపై నాకుగల ప్రీతి ఈ వాస్తవమును మార్చజాలదు. గట్టుమీద పనిచేయువారికి నూలు, నీటిలో పనిచేయువారికి మిశ్రవస్త్రమనుట నా అభిప్రాయము.

గట్టుమీది వారినిగూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. ఇసుకపై చేపలు పరచి ఎండబెట్టు స్త్రీలు నిషేధమెరుగని కార్మికులు. పొడి ఇసుక కిరణములలో సుమారు ఆరవవంతును క్రిందినుండి పైకి ముఖముమీదికి త్రిప్పును గనుక, తలపై కొంగు కప్పికొన్నను వారికి పూర్తిరక్షణ లేదు. పొలములలోను, రోడ్డుపనులలోను కూలికి పోవు స్త్రీలు చీరపై మగవారి ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుగుకొనుట మనము నిత్యము చూచుచున్నాము. ఏ శాస్త్రజ్ఞుడు బోధింపకయే వారు కనుగొనిన ఉపాయమది. వారికి వలసినది భర్త విడిచిన పాతచొక్కా కాక, వారి కొలతకు కుట్టినది, వంగి పనిచేయునపుడు మెడను కప్పునది.

కావున నా విన్నపము. రాబోవు నిషేధకాలమున, పడవలు గట్టెక్కి, వలలు బాగుచేసికొను ఆ అరువదియొక్క దినములలో, ఉప్పాడ మొదలగు రెండుమూడు రేవులలో వేటవారిచేతనే చొక్కా కోత నిర్ణయింపజేయుడు. స్థానిక దర్జీలచేత కుట్టించి, ఎండకు ఉప్పునీటికి ఒక మాసము వాడించి, లోపములు సవరించిన పిమ్మటనే సరఫరాకు టెండరు పిలువుడు. టెండరులో అతితక్కువ ధరను మాత్రమే చూడక, ఆరిన గుడ్డకును తడిసిన గుడ్డకును యూపీఎఫ్ పరీక్ష చేయించి, కోయంబత్తూరులోని దక్షిణ భారత జౌళి పరిశోధనాసంస్థవంటి స్థానమునుండి పత్రము పొందవలెనని నిబంధన పెట్టుడు. చొక్కాతోపాటు అంచుగల టోపీ తప్పక యీయుడు. రెండింట ఒకటియే యీయగలిగినచో టోపీనే ముందీయుడు. ఏడాదికొకసారి తీరగ్రామములలో కంటిపరీక్షయు జరిపింపుడు. చివరిదిగా, ఆ చొక్కాపై ఎవరి బొమ్మయు అచ్చువేయింపకుడు. ఏదైన వ్రాయక తప్పదన్నచో పడవ రిజిస్ట్రేషను సంఖ్యను పెద్ద అక్షరములలో వ్రాయింపుడు, సముద్రమున వెదకువారికి అక్కరకు వచ్చును.

ఇట్లు,
తీరవాసియగు ఒక విధేయుడు