జాడీలు ఎవరి వాటా?

ఇల్లు పంచుకునేటప్పుడు వెండి కంచాలు, ఇత్తడి బిందెలు, టేకు మంచం అన్నీ లెక్కలోకొస్తాయి. అటక మీది పచ్చడి జాడీలకు మాత్రం లెక్కుండదు. ఉండాలనే నా వాదన. అదీ ఆ ఇంటి పెద్దావిడను అడిగాకే.

రేపల్లెలో మా అత్తగారిల్లు అమ్మేటప్పుడు ఏడు జాడీలు మిగిలాయి. "బరువు, దార్లో పగులుతాయి, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నారు మగవాళ్లు. తోటికోడలికి ఫ్లాటులో చోటు లేదట. బాపట్ల ఆడపడుచు ఒకటి కావాలంది, మొక్క పెట్టుకోవడానికి! పక్కనే కూర్చున్న అత్తయ్యను ఎవరూ అడగలేదు.

ఆ ఇంటి పొలం కాగితాల్లో ఆవిడ పేరు ఎప్పుడూ లేదు. కానీ ఏ జాడీకి వాసెన ఎప్పుడు విప్పాలో, ఏ కూతురికి ఎంత ఆవకాయ పంపాలో ఆవిడ మాటే చెల్లింది. నేనడిగితే, "ఆ పెద్దది మా అమ్మ ఇచ్చింది. మిగతావి మీ ఇష్టం" అన్నారు. అంతే, దాన్ని పాత చీరల్లో చుట్టి తెనాలి దాకా రైల్లో ఒళ్లో పెట్టుకొచ్చాను.

జాడీ అంటే కుండలాంటిదే కదా అనుకోకండి. కుండ తక్కువ వేడిలో కాలుతుంది కాబట్టి నీళ్లు చెమరుస్తాయి, అందుకే చల్లబడతాయి. జాడీ మట్టిని దాదాపు 1200 డిగ్రీల దాకా కాలుస్తారు. రాయిలా బిగుస్తుంది. ఉప్పూ పులుపూ నూనే ఏదీ ఇంకదు. ప్లాస్టిక్ డబ్బాకైతే పచ్చడి రంగూ వాసనా పట్టి వదలవు. ఫ్రాన్సులో బెట్ష్‌డోర్ఫ్ అనే ఊరుంది. అక్కడ ఇలాంటి మట్టితోనే కూజాలు చేస్తారు. మండే బట్టీలోకి ఉప్పు వేస్తే అదే మెరుపు పూతవుతుంది. బూడిదరంగు మీద నీలి పూలు. వాటిని కళ అంటాం. మన గోధుమరంగు, తెలుపు జాడీని మాత్రం తూకానికేస్తాం.

అన్నీ దాచుకోమనను. లోపల పూత పెచ్చులూడినా, నెరియ కనబడినా పచ్చడికి వాడొద్దు. గరిటెలు పెట్టుకోండి. బాగున్నదాన్ని కడిగి ఎండలో బాగా ఆరబెట్టి వాడండి, షోకేసులో పెట్టకండి.

ఆడపడుచుకూ చెప్పాను, అడుగున చిల్లు లేనిదాంట్లో నీళ్లు నిలిచి మొక్క కుళ్లుతుందని. ఆలోచిస్తోంది.