పరదేశ క్షేత్రపరిశోధన ఎందుకు పనికివచ్చును?

విదేశీ విశ్వవిద్యాలయములలో చదువుచున్న మన విద్యార్థులు కొందఱు, సెలవులలో ఏ ఆఫ్రికా పల్లెకో, ఏ దక్షిణ అమెరికా కొండప్రాంతమునకో పోయి కొన్ని వారములు క్షేత్రపరిశోధన చేసి, ఆ అనుభవము నంతయు ఉద్యోగపు దరఖాస్తులో ఒక్క పంక్తికి కుదించి, ఆ పంక్తిని ఎవరును లెక్కచేయుట లేదని చింతించుచుందురు. దూరదేశమునకు పోయివచ్చుట యనునది డబ్బును వీసాయును ఉన్నవారి కెల్ల సాధ్యమైన కార్యము. అచ్చట నేర్చినదానితో తిరిగివచ్చిన పిమ్మట ఏమి చేసితిమన్నదే జీవనవృత్తికి పెట్టుబడి యని నా అభిప్రాయము.

ఇందుకు తెలుగువారు దూరము పోకయే చూపదగిన దృష్టాంత మొకటి కలదు. 1909లో వియన్నాలో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, అస్సాము, బర్మా ప్రాంతముల కొండజాతులను కన్నులార చూడకయే, గ్రంథములను ఆధారము చేసికొని వారి సంఘవ్యవస్థపై సిద్ధాంతవ్యాసము వ్రాసి, 1931లో డాక్టరేటు పొందెను. అటుపిమ్మట లండనులో మానవశాస్త్రాచార్యుడగు మాలినోవ్‌స్కీ యొద్ద శిక్షణ పొంది, 1936లో నాగా కొండలకు వచ్చి, కొన్యాక్ నాగాల నడుమ సుమా రొక సంవత్సరము నివసించి, 1939 నాటికే ఆ నివాసమును పుస్తకరూపమున లోకమునకు అందించెను. తిరిగివచ్చిన కొలది కాలములోనే వ్రాయుట యను నియమమును మనవారు ముందుగా గమనింపవలెను. ఏలయన, పెట్టెలో మూడేండ్లు పడియున్న నోటుపుస్తకము వ్రాసినవానికే అర్థము కాదు.

1939లో ఆయన మరల భారతదేశమునకు రాగా యుద్ధ మారంభమయ్యెను. ఆస్ట్రియా అంతకు ముందే జర్మనీలో విలీనమైనందున జర్మను పాస్‌పోర్టు గల ఆయన శత్రుదేశీయుడుగ పరిగణింపబడి నైజాము రాజ్యమున నిలిచిపోవలసివచ్చెను. విచిత్రమేమన, గురువైన మాలినోవ్‌స్కీయు మొదటి ప్రపంచయుద్ధ కాలమున, ఆస్ట్రియా ప్రజ యగుటచే, ఆస్ట్రేలియా పాలనలోని ప్రాంతములలో చిక్కుకొని ట్రోబ్రియాండ్ దీవులలో తన పరిశోధన సాగించి, 1922లో దాని ఫలమును ప్రకటించి, 1927లో లండనులో ఆచార్యుడాయెను. గురుశిష్యు లిద్దఱికిని యుద్ధమే మేలు చేసినదని పరిహాసమాడవచ్చును గాని, యుద్ధములలో చిక్కుకొన్న పరదేశీయులు వేలకొలది. వా రందఱును ఆచార్యులు కాలేదు గదా!

హైదరాబాదు రాజ్యమున హైమెన్‌డార్ఫ్ నల్లమల చెంచులను, గోదావరి కొండలలోని రెడ్లను, ఆదిలాబాదు గోండులను క్రమముగ పరిశీలించి, 1943, 1945, 1948 సంవత్సరములలో మూడు గ్రంథములు ప్రకటించెను. 1940లో జోడేఘాట్ వద్ద గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం మరణించిన తరువాత, గోండుల అశాంతికి మూలమేమో తెలిసికొనుట ప్రభుత్వమునకు అత్యవసర మాయెను. అప్పుడు వలసినది గిరిజన జీవితమును గూర్చిన సుందరవర్ణన కాదు. ఏ భూమిని ఎవరు దున్నుచుండిరి, అది ఎట్లు చేయి మాఱెను, అటవీశాఖ సరిహద్దులు గీచిన పిమ్మట ఏ పల్లె ఏమి కోల్పోయెను అను సమాచారము. ఆ ప్రశ్నలకు పల్లెలలో బదులు వెదకి రాగలిగినవాడు గనుకనే ఆయన మాటకు కచ్చేరీలో విలువ గలిగెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము నెలకొనెను. 1945లో ఆయనయే ప్రభుత్వమునకు గిరిజన సలహాదారుడాయెను. తరువాత లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యల సంస్థలో 1951 నాటికి ఆచార్యపదవి లభించెను. రాజాశ్రయమున వర్ధిల్లిన విద్య యని దీనిని ఆక్షేపించువారు కలరు. ఆ ఆక్షేపణను నేను పూర్తిగ త్రోసిపుచ్చను.

మన విద్యార్థి హైమెన్‌డార్ఫ్ వలె మానవశాస్త్రజ్ఞుడు కానక్కరలేదు. ప్రజారోగ్యము, పంటల బీమా, మార్కెట్ సర్వేలు, స్వచ్ఛందసంస్థలు, ప్రణాళికాశాఖలు, చివరకు కంప్యూటరు ముందు కూర్చుండి అంకెలను విశ్లేషించు కొలువులు సైతము, అపరిచితుని గడప యొద్ద ప్రశ్న వేసి, వచ్చిన బదులును ఉన్నదున్నట్లు వ్రాసికొనగలవానికి చోటు చూపగలవు. అయితే ‘అంతర్జాతీయ అనుభవము కలదు’ అని వ్రాసిన చాలదు. ఎన్ని కుటుంబములను, ఏ భాషలో, ఎవరి సాయముతో విచారించితిని. వారి కర్థము కాని ఏ ప్రశ్నను మధ్యలో మార్చితిని. భూమి యెంత యని యడిగిన ఎకరములలో గాక విత్తనపు కొలతలలో చెప్పినవారి బదులును ఎట్లు లెక్కగట్టితిని. తుదకు తేలిన దేమి? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నలకు తడుముకొనక బదులు చెప్పువానిని ఏ యజమానియు తేలికగ వదలుకొనడు. పర్యవేక్షకుని సిఫారసు లేఖను ఆయన జ్ఞాపకము తాజాగ నున్నప్పుడే తీసికొనవలెను. పరిశోధనకు ఇచ్చిన అనుమతి పరిధులను మీఱి, అచ్చటి వారి పేర్లను, ఛాయాచిత్రములను తన ప్రచారమునకు వాడుకొనరాదు. ఉద్యోగమున కుపకరించునను ఆత్రములో ఈ రెండవ విషయమును మఱచువారే హెచ్చు.

హైమెన్‌డార్ఫ్ మాత్రము ఆ క్షేత్రమును విడువలేదు. 1976లో ఆచార్యపదవి నుండి విరమించిన పిమ్మట గూడ ఆదిలాబాదు గోండుల స్థితిని మరల విచారించి, తాను సలహాదారుగ నున్నప్పుడు వారికి దక్కిన భూములు వలసదారుల చేతికి ఎట్లు పోయెనో 1982లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఆ గ్రంథమువలన ఆయనకు రావలసిన ఉద్యోగమేదియు అప్పటికి మిగిలి యుండలేదు.