సౌరశక్తి సరే, తీగలేవీ?

న్యూఢిల్లీ: దేశంలోని విద్యుదుత్పత్తి స్థాపిత సామర్థ్యంలో సగం ఇప్పుడు బొగ్గు, గ్యాసులతో నిమిత్తం లేనిదేనని 2025 జూన్ నాటి లెక్కలు చూపి కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. పారిస్ ఒడంబడిక కింద 2030 నాటికి చేరవలసిన గమ్యమిది. అయిదేండ్లు ముందుగా చేరినందుకు పాలక పక్షం సంతోషించడంలో తప్పు లేదు. సంప్రదాయేతర ఇంధనాల కోసం 1981లో ఒక కమిషన్, 1982లో ఒక చిన్న శాఖ వెలసిన నాడు ఇంతటి విస్తరణను ఊహించినవారు అరుదు. 2025 మార్చి ఆఖరుకు సౌర విద్యుత్ సామర్థ్యం ఒక్కటే లక్షా 5 వేల మెగావాట్లు దాటింది. పవన విద్యుత్తు 50 వేల మెగావాట్లకు చేరింది.

అయితే స్థాపిత సామర్థ్యం వేరు, ఇంటికి చేరే కరెంటు వేరు. పొద్దు వాలితే సౌర ఫలకాల పని ముగుస్తుంది. గాలి మన ఆజ్ఞకు లోబడి వీచదు. అందుచేతనే 2024-25లో దేశం ఉత్పత్తి చేసుకొన్న విద్యుత్తులో సుమారు నాల్గింట మూడు వంతులు బొగ్గు నుంచే వచ్చింది. అంకెలలో సగం గెలిచాము. ఆచరణలో పావు వంతు దగ్గరే ఉన్నాము.

అంతకంటే విచిత్రం రాజస్థాన్‌లో జరిగింది. 2025లో మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుండగా, అక్కడి సౌర కేంద్రాలను ఉత్పత్తి తగ్గించుకోవలసిందిగా ఆదేశించారు. ఆ కరెంటును మోసుకుపోవడానికి చాలినన్ని లైన్లు లేవు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్న సామెత దీనికి సరిపోతుంది.

సౌర కేంద్రాన్ని రెండేండ్లలోపే నిలబెట్టవచ్చు. హై వోల్టేజి లైనుకు అంతకు మించిన కాలం పడుతుంది. కనుక లైను ముందు, కేంద్రం వెనుక రావాలి. మన వద్ద క్రమం తలక్రిందులైంది. 2030 లక్ష్యానికి 50,890 సర్క్యూట్ కిలోమీటర్ల లైన్లు, 2 లక్షల 44 వేల కోట్ల రూపాయలు కావాలని 2022 డిసెంబరులో ప్రణాళిక వెలువడింది. కాని 2024-25లో దేశం మొత్తం మీద 15 వేల సర్క్యూట్ కిలోమీటర్లకు పైగా వేయదలచి, 9 వేలయినా పూర్తి చేయలేకపోయారు.

లైనుకు అడ్డుపడుతున్నది సాంకేతిక లోపం కాదు, భూమి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అండతో, భూమిని సేకరించకుండానే రైతు పొలంలో టవరు నాటవచ్చు. పొలం పేరుకు రైతుదే. దాని విలువ మాత్రం తీగ క్రింద కరిగిపోతుంది. టవరు నిలిచే స్థలానికి భూమి విలువకు రెట్టింపు, తీగల క్రింది మేరకు 30 శాతం పరిహారం ఇవ్వాలని విద్యుత్ మంత్రిత్వ శాఖ 2024 జూన్‌లో సూచించింది. 2015 నాటి 85, 15 శాతాల కంటే ఇది నిశ్చయంగా మేలు. కాని ఇవి మార్గదర్శకాలు మాత్రమే. అమలు రాష్ట్రాల చిత్తం.

ఇక కొనేవారి సంగతి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడబూనింది. కేంద్రం అభ్యంతరం చెప్పింది. వ్యవహారం న్యాయస్థానానికెక్కి, ఒప్పందం ప్రకారమే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ ప్రభుత్వం ఎంచుకొన్న మార్గం తప్పు కావచ్చు. పంపిణీ సంస్థల దివాలా స్థితి మాత్రం నిజం. వేలం ముగిసినా కొనుగోలు ఒప్పందం కుదరని పథకాలు 2025లో దేశమంతటా 40 వేల మెగావాట్లు మించాయి. గ్లాస్గోలో 2021లో ప్రధాని శ్రీ నరేంద్ర మోదీ 5 లక్షల మెగావాట్ల వాగ్దానం చేశారు. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోనిది. మాట కేంద్రానిది, బిల్లు రాష్ట్రాలది అయినప్పుడు ఈ పేచీ తప్పదు.

తీగ విలువ తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. రాయచూరు-షోలాపూరు లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది 2013 డిసెంబరు 31న. అంతకు ముందు ఉత్తరాదిలో మిగులు ఉన్నా, కావలసినంత తెచ్చుకొనే దారి లేక మన పల్లెలు చీకటిలో మగ్గాయి. ఇప్పుడు సమస్య మారింది. 2017 నుంచి కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు పనిచేస్తున్నది. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పథకం పగటి కరెంటుతో నీటిని పైకి తోడి, సాయంత్రం క్రిందికి వదిలి విద్యుత్తు తీసే పద్ధతిది. 2024 అక్టోబరు విధానంలో ఆంధ్రప్రదేశ్ లక్షా 60 వేల మెగావాట్ల పైచిలుకు లక్ష్యం పెట్టుకొన్నది. రాయలసీమ రాజస్థాన్ బాట పట్టకూడదంటే, పార్కులకు శంకుస్థాపన చేసే ముందే లైన్లు, నిల్వ, కొనుగోలుదారు నిశ్చయం కావాలి.

2024 నుంచి కేంద్ర మంత్రివర్గంలో తెలుగుదేశానికి స్థానమున్నది. మన సభ్యులు ఢిల్లీలో అడగవలసింది మరిన్ని మెగావాట్లు కాదు. ఏ లైను ఎప్పటికి పూర్తవుతుంది, దాని క్రింది రైతుకు ఏమి దక్కుతుంది అనే రెండు ప్రశ్నలు. ఏనుగును కొన్నవారు అంకుశం దగ్గర బేరమాడడం వివేకం కాదు.