పాతచీటీతో కొత్తమాత్రలు

చెన్నపట్టణమున చూలై హైరోడ్డునుండి వేపేరివైపునకు నడచిపోవువానికి మందుల దుకాణములకు కొదువ యుండదు. అంచులు చినిగిన పాతచీటీని చూపియో, అదియును లేక ఖాళీ అట్టను మాత్రము చూపియో, కొలెస్ట్రాల్ మాత్రలను కొనిపోవు పెద్దలకును కొదువ యుండదు. వైద్యు డా మందును వ్రాసియిచ్చి రెండేండ్లో మూడేండ్లో గడచియుండును. నాటి రక్తపరీక్షకును నేటి దేహస్థితికిని పొత్తు కుదురునో లేదో అమ్మువా డడుగడు, కొనువాడు చెప్పడు. అట్టపై నిలిచిన ఎర్రగీత, వైద్యుని చీటీ లేనిదే యిది యమ్మరాదని చెప్పుచున్నను దానిని పట్టించుకొనువారు తక్కువ.

మాత్ర యనవసరమని నా వాదము కాదు. భారత వైద్య పరిశోధన మండలి తరఫున, ఈ పట్టణమందలి మద్రాసు డయాబిటీస్ రీసెర్చ్ ఫౌండేషన్ ముందుండి నడపిన పరిశీలన యొకటి కలదు. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగి 2014లో ప్రకటితమైన దాని ఫలితములలో కొలెస్ట్రాల్ అధికముగా నున్నవారు నూటికి 13.9 మంది కాగా, ట్రైగ్లిసరైడులు అధికముగా నున్నవారు 29.5 మంది. మూడుపూటల నన్నముతోను, మైదాతోను, మిఠాయిలతోను గడచు మన భోజనమునకు ఈ రెండవ సంఖ్య తగినదే. కాని యీ రెండు దోషములకును మందొకటి కాదు. చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించుటకు అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వంటి స్టాటినులు ప్రధానములు. ట్రైగ్లిసరైడులు 500 దాటి క్లోమము వాచు ప్రమాద మేర్పడినపుడు ఫెనోఫైబ్రేట్ వంటిదానిని వైద్యులు తలపెట్టుదురు. పక్కింటివారికి గుణమిచ్చినదని వారి మాత్రను తెచ్చుకొనుట, వారి కళ్ళజోడును తెచ్చుకొనుటవంటిది.

జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో 1970 దశకమున బూజునుండి మొదటి స్టాటిన్‌ను వెలికితీసినది మొదలు, 1987లో అమెరికాలో లోవాస్టాటిన్‌కు అనుమతి లభించి నేటివరకును, ఈ జాతి మందులు అసంఖ్యాక హృద్రోగులను కాపాడినవి. అయినను 2001 ఆగస్టులో సెరివాస్టాటిన్‌ను దానిని తయారుచేసిన సంస్థయే అంగడినుండి తొలగింపవలసి వచ్చెను. కండరములు కరగి, ఆ వ్యర్థము మూత్రపిండములను దెబ్బతీయుటచే, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు నాటికి తెలియవచ్చిన మరణములు 31. వానిలో 12 మంది ట్రైగ్లిసరైడులను తగ్గించు మందైన జెమ్‌ఫైబ్రోజిల్‌ను గూడ వాడుచున్నవారు. ఇతర స్టాటినులకు ఇంతటి ముప్పు లేదు. కాని రెండు మందులు విడివిడిగా మేలుచేయుచు, కలిసినపుడు కీడు చేయగలవని యా యుదంతము లోకమునకు నేర్పినది. క్లారిత్రోమైసిన్ అను యాంటీబయాటిక్‌ను గొంతునొప్పికై వేరొక వైద్యుడు వ్రాసినపుడు, తాను అటోర్వాస్టాటిన్ మ్రింగుచున్నట్లు రోగి చెప్పకపోయిన, ఆ స్టాటిన్ రక్తములో పేరుకొనును. ఫెనోఫైబ్రేట్ వాడువారికి మూత్రపిండముల పరీక్ష అవసరము. గర్భము ధరింపనున్న స్త్రీ ఈ మాత్రలను గూర్చి వైద్యునితో ముందుగా మాటాడవలెను.

అన్నిటికంటె సాధారణమైన ప్రమాదము వేరొకటి: పరీక్షలో సంఖ్య తగ్గినదని మందు మానివేయుట. ఆ తగ్గుదల మందు చేసిన పనియే; మానిన కొలది వారములలోనే కొలెస్ట్రాల్ తిరిగి పెరుగును. ఇందుకు విరుద్ధముగా, కండరములు నొప్పిపెట్టి, మూత్రము కాఫీరంగునకు దిగినను, కన్నులు పచ్చబడినను, పదిరోజులు చూతమని ఓర్చుకొనువా రున్నారు. అట్టివారు ఆ దినముననే వైద్యుని చూడవలెను.

కావున నాకు తోచున దేమనగా, కొలెస్ట్రాల్ మాత్రల చీటీపై వైద్యుడు తదుపరి పరీక్ష తేదీని స్పష్టముగా వ్రాయవలెను. మందు మొదలిడిన మూడునెలలలోపల ఒకటియు, అటుపిమ్మట కనీసము ఏటికొకటియు చాలును. ఆ తేదీ దాటినచో దుకాణదారుడు ఊరకనే అమ్మరాదు. దినకూలి పోగొట్టుకొని పెద్దాసుపత్రి వరుసలో నిలువలేనివారి మాటేమని ఎవరైన నడుగుదురు, న్యాయమైన ప్రశ్నయే. అట్టివారికి కార్పొరేషను ఆరోగ్యకేంద్రములలో సాయంకాలము గూడ రక్తము తీయు ఏర్పాటు చేయవలసినదే. అంతవరకు మందు తెగిపోకుండ, పదిదినములకు చాలినన్ని మాత్రలిచ్చి, చీటీ వెనుక తెలుగుననో తమిళముననో "పరీక్ష చేయించుకొని రండు" అని వ్రాసి పంపుటకు దుకాణదారునికి పట్టు కాలము చిల్లర లెక్కించుటకంటె హెచ్చు కాదు.