గంటల లెక్కకు అందని కొలువు

వరంగల్: ఆదివారం సాయంత్రం కాజీపేట జంక్షన్‌లోనూ, హన్మకొండ బస్టాండులోనూ హైదరాబాద్ వైపు బయలుదేరే యువతీయువకుల భుజాన ల్యాప్‌టాప్ సంచి కనిపించడం ఓరుగల్లు వాసులకు కొత్తేమీ కాదు. రెండు రోజుల సెలవుకు వచ్చిన వారు దానిని గదిలోనే వదిలి రావచ్చు కదా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. వదిలి రాలేకపోవడమే అసలు సమస్య.

నేటి నిట్ 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా వెలసిన నాటి నుంచి ఈ నగరం ఇంజినీర్లను తయారు చేసి బయటికి పంపుతూనే ఉంది. వారిలో కొందరినైనా ఇక్కడే నిలుపుకోవాలన్న ఆశతో మడికొండలో ఐటీ సెజ్ ఏర్పాటైంది. 2020 జనవరి 7న అక్కడ టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. కొలువు సొంత ఊరికి వస్తే దాదాపు 145 కిలోమీటర్ల ప్రయాణం తప్పుతుందని, వేళకు భోజనం, నిద్ర దక్కుతాయని పలువురు భావించారు. మూడు నెలలు తిరగకుండానే కొవిడ్ లాక్‌డౌన్ వచ్చింది. హన్మకొండ, సుబేదారి ఇళ్లలోని పడకగదులే కార్యాలయాలయ్యాయి. ప్రయాణం తప్పిన మాట నిజమే. అయితే పని ముగిసిందని చెప్పే గుర్తు కూడా దానితోపాటే పోయింది.

ఇందుకు మూలం ఊరిలో లేదు, గడియారంలో ఉంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదైతే మనకు రుతువును బట్టి సాయంత్రం ఆరున్నర లేదా ఏడున్నర. కాలిఫోర్నియాలోని వారితో మాట్లాడవలసి వస్తే రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. ఇక్కడి బృందం ఉదయమే పని మొదలుపెడుతుంది, అక్కడి కస్టమర్ రాత్రి సమావేశానికి పిలుస్తాడు. మధ్యలో మిగిలే నాలుగు గంటలు విశ్రాంతి కాదు, నిరీక్షణ. మడికొండలో కూర్చున్నా, మాదాపూర్‌లో కూర్చున్నా ఈ లెక్క మారదు.

చట్టం లేదా అంటే ఉంది. దుకాణాల, సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనల నుంచి ఐటీ కంపెనీలకు ఉమ్మడి రాష్ట్ర కాలం నుంచే మినహాయింపు ఉన్నా, వారానికి 48 గంటలు దాటితే అదనపు వేతనం చెల్లించాలన్న షరతు మినహాయింపుకు జోడించినదే. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతించినప్పుడు సైతం వారానికి 48 గంటల పరిమితిని కదిలించలేదు.

అయినా ఓవర్‌టైం డబ్బు అందుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కోసం వెదకవలసిందే. విచిత్రమేమంటే, గంటల చొప్పున లెక్కగట్టి కస్టమర్‌కు బిల్లు వేయడమే ఈ పరిశ్రమలో అధిక భాగానికి ఆధారం. ఉద్యోగి వారం వారం టైంషీట్ నింపుతాడు. కానీ అందులో చేరేది ఒప్పందం ప్రకారం కస్టమర్ చెల్లించే గంటలే. అర్ధరాత్రి సరిచేసిన లోపం, ఆదివారం హాజరైన సమావేశం చాలా చోట్ల ఆ పట్టికకు ఎక్కవు. ఎక్కించమని అడిగే ధైర్యం ఎందరికి ఉంటుంది? 2025 జూలైలో దేశంలోనే అతిపెద్ద ఐటీ సంస్థ టీసీఎస్ సుమారు 12 వేల మందిని తొలగించనున్నట్లు ప్రకటించాక, ఉన్న కొలువు నిలిస్తే చాలన్న భయం బలపడింది. ఇంటి రుణం, చెల్లెలి పెళ్లి, తమ్ముడి చదువు ఆ జీతం మీదే ఆధారపడిన కుటుంబాల్లో ఈ భయం మరింత అధికం.

దేహం మాత్రం లెక్క రాసుకుంటూనే ఉంటుంది. హైదరాబాద్‌లోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 2025లో వెలువరించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్లు, 71 శాతం మందికి ఊబకాయం ఉన్నట్లు తేలింది. గంటల తరబడి కూర్చోవడం, నిద్రలేమి, ఒత్తిడి అందుకు దోహదం చేస్తున్నాయి. వారానికి 55 గంటలకు పైబడి పనిచేసే వారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసే వారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లోనే తేల్చాయి. ఈ ముప్పు తేలిన తర్వాతే, 2023లో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ దానిని 90 దాకా తీసుకువెళ్లారు. వ్యవస్థాపకుడు తన సంస్థ కోసం వెచ్చించే గంటనూ, జీతగాడు వెచ్చించే గంటనూ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు.

మనసు కుంగినప్పుడు మాట్లాడేందుకు 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ సహాయ కేంద్రం పనిచేస్తోంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ సలహా లభిస్తుంది. అది వ్యక్తికి ఊరట. పని గంటలను తగ్గించడం దాని పరిధిలో లేదు.

ఆ గంటలను రుజువు చేయడం అంత కష్టమేమీ కాదు. ఉద్యోగి ఎప్పుడు లోపలికి వచ్చాడో ద్వారం వద్ద చూపిన కార్డు చెబుతుంది. ఇంటి నుంచి ఎన్నింటికి లాగిన్ అయి, ఎన్నింటికి వైదొలిగాడో సర్వర్‌లో నిమిషాలతో సహా నమోదై ఉంటుంది. చాలా సంస్థలు పనితీరు మదింపునకు ఆ వివరాలు వాడుకుంటూనే ఉన్నాయి. 48 గంటల షరతు అమలును పరిశీలించేందుకు కార్మిక శాఖ వాటినే అడగవలసి ఉంది.